వీల్ స్పేసర్ వేయిద్దామనుకుంటున్నారా? ముందు నట్టు చుట్లు లెక్కపెట్టండి

ఈ ఎపిసోడ్ వీల్ స్పేసర్స్ గురించి. చక్రాలు ఫెండర్ అంచు దాకా బయటికొచ్చిన స్విఫ్ట్‌లు, బలేనోలు రీల్స్‌లో చూసి "అన్నా, ఎన్ని ఎం.ఎం. వేయించొచ్చు?" అని చాలామంది అడుగుతున్నారు. మన విజయవాడలో దొరకడం పెద్ద పని కాదు. ఆటోనగర్‌లో లేత్ మీద అడిగిన మందం తిప్పి ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు. కానీ అది మీ కారుకి పనికొస్తుందో లేదో వేయించుకునేముందే తేల్చుకోవాలి. ఎలాగో చూద్దాం.

స్పేసర్ అంటే హబ్‌కి, చక్రానికి మధ్య పెట్టే గుండ్రటి మెటల్ ప్లేట్. పక్కకి 20 మి.మీ. వేస్తే రెండు చక్రాల మధ్య దూరం మొత్తం 40 మి.మీ. పెరుగుతుంది. వీల్ మీద ఈటీ అని ఒక అంకె ఉంటుంది, అదే ఆఫ్‌సెట్. ఈటీ 45 వీల్‌కి 20 మి.మీ. స్పేసర్ వేస్తే ఈటీ 25 వీల్ పెట్టినట్టే. అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికొస్తుంది.

ఇప్పుడు అసలు పాయింట్. కారు బరువు స్టడ్‌ల మీద వేలాడుతోందని చాలామంది అనుకుంటారు. నట్టు బిగించినప్పుడు స్టడ్ స్ప్రింగ్‌లాగా కొంచెం సాగి, చక్రాన్ని హబ్‌కేసి గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్ల వచ్చే రాపిడే చక్రాన్ని కదలకుండా పట్టుకుంటుంది. అది తగ్గితే చక్రం సన్నగా కదలడం మొదలవుతుంది, స్టడ్ అటూ ఇటూ వంగుతుంది, చివరికి తెగుతుంది. ల్యాప్‌టాప్‌కి, టీవీకి మధ్య డాంగిల్ పెడితే వదులయ్యే చోటు ఒకటి ఎక్కువవుతుంది కదా? స్పేసర్ కూడా అంతే. ఒక జాయింట్ ఉన్నచోట రెండు అవుతాయి.

స్పేసర్స్ రెండు రకాలు. ఒకటి ఉత్త ప్లేట్. ఉన్న స్టడ్‌లకే తొడిగి, పైన చక్రం పెట్టి బిగిస్తారు. ఇక్కడే లెక్క తప్పుతుంది. స్టడ్ పొడవు మారదు, ప్లేట్ మందం మేర నట్టుకి దొరికే మర తగ్గిపోతుంది. స్టడ్ ఎంత లావుంటే కనీసం అంత పొడవు మర నట్టులోకి ఎక్కాలనేది రూల్. 12 మి.మీ. స్టడ్ అయితే 12 మి.మీ. మర ఎక్కాలి. మర పిచ్ 1.25 అయితే దాదాపు 10 చుట్లు, 1.5 అయితే 8 చుట్లు.

మా పిన్ని కొడుకు స్విఫ్ట్ కొన్నాడు. నెలకి రెండుసార్లు అమ్మానాన్నల్ని ఎక్కించుకుని కరకట్ట మీదుగా అవనిగడ్డ వెళ్తాడు. "5 మి.మీ. ప్లేటే కదా, ఏమవుతుంది?" అన్నాడు. హ్యాండ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి ఒక నట్టు విప్పమన్నాను. లూజైన దగ్గర నుంచి ఊడి చేతిలోకొచ్చేదాకా 11 చుట్లు. 5 మి.మీ. ప్లేట్ అంటే 1.25 పిచ్‌లో 4 చుట్లు పోతాయి. మిగిలేది 7. కావాల్సింది 10. 3 మి.మీ. వేసినా 9 చుట్లు కూడా రావు. అంటే పొడవు స్టడ్‌లు మార్చకుండా వాడి కారుకి ఏ ప్లేటూ పనికిరాదు. మీ కారుకి ఎన్ని చుట్లు వస్తాయో మీరే చూసుకోండి.

రెండో రకం బోల్ట్ ఆన్. దీనికి సొంత స్టడ్‌లుంటాయి. ముందు స్పేసర్‌ని హబ్‌కి బిగించి, తర్వాత చక్రాన్ని స్పేసర్‌కి బిగిస్తారు. పాత స్టడ్‌ల కొనలు స్పేసర్ ముఖం దాటి బయటికి రాకూడదు. వస్తే చక్రం సరిగ్గా కూర్చోదు. అందుకే ఇవి సాధారణంగా 20, 25 మి.మీ. నుంచి మొదలవుతాయి. స్టెప్నీ వీల్ కూడా దాని మీద కూర్చుంటుందో లేదో చూసుకోండి. ఇంకో చిక్కు ఏంటంటే, లోపలి నట్లు చక్రం విప్పితేగానీ కనపడవు. పంక్చర్ షాపులో బయటి నట్లు బిగించి పంపేస్తారు. లోపల లూజైతే ఎవరికీ తెలియదు.

కొనేటప్పుడు సైజులు మూడు చూడాలి. ఒకటి పీసీడీ, అంటే స్టడ్‌ల అమరిక. రెండు సెంటర్ బోర్, అంటే మధ్య రంధ్రం. మూడు మర. స్విఫ్ట్‌కి, ఐ20కి పీసీడీ 4×100, సెంటర్ బోర్ 54.1 మి.మీ. ఒకటే. కానీ స్విఫ్ట్ మర పిచ్ 1.25, ఐ20ది 1.5. నట్లు మారిస్తే మర చెడిపోతుంది. సెంటర్ బోర్ హబ్‌కి ఖాళీ లేకుండా పట్టాలి, లేకపోతే చక్రం సెంటర్ తప్పి స్టీరింగ్ వణుకుతుంది. మెటల్ ఫోర్జ్‌డ్ అల్యూమినియం, 6061 టీ6 లాంటిది అయ్యుండాలి. పోత పోసినవి పగులుతాయి, అవి వద్దు.

ఫిట్టింగ్ చేసేటప్పుడు హబ్ మీద తుప్పు వైర్ బ్రష్‌తో పూర్తిగా తీసేయాలి. తుప్పు, పెయింట్ మధ్యలో ఉంటే అవి అరిగిపోయి బిగువు తగ్గుతుంది. మచిలీపట్నం వైపు ఉప్పు గాలికి, పొలాల బురదకి ఇనుప హబ్, అల్యూమినియం స్పేసర్ అతుక్కుపోతాయి కూడా. ఒకదానికొకటి ఆనే ముఖాల మీద, స్టడ్‌ల మీద గ్రీజు పూయకండి. ముందు చేత్తో, తర్వాత ఎదురెదురుగా ఉన్న నట్లను టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఇంపాక్ట్ గన్‌తో ఫైనల్ టైట్ వద్దు. మీ కారు టార్క్ అంకె ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చెక్ చేయాలి. బోల్ట్ ఆన్ అయితే చక్రం విప్పి లోపలి నట్లు కూడా.

అన్నీ కరెక్ట్‌గా చేసినా ఒకటి మారుతుంది. ముందు చక్రం బయటికి జరిగితే, టైరు నేలని తాకే చోటు స్టీరింగ్ తిరిగే ఇరుసుకి దూరమవుతుంది. గుంత తగిలినప్పుడు స్టీరింగ్‌ని లాగే బలం పెరుగుతుంది, బేరింగ్ మీద కూడా లోడ్ పెరుగుతుంది. మన డెల్టాలో కాలవ గట్టు రోడ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వస్తే రెండు చక్రాలు మట్టిలోకి దించాల్సిందే. ఆ టైమ్‌లో బ్రేక్ నొక్కితే స్టీరింగ్ చేతిలోంచి గుంజుకుంటుంది. పక్కనే నిండా నీళ్లున్న కాలవ. హైవే మీద అయితే సర్దుకోవడానికి జాగా ఉంటుంది, ఇక్కడ ఉండదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. తయారీ కంపెనీ స్పెక్‌కి భిన్నంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పు చేస్తే సెక్షన్ 182ఏ(4) కింద ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ కంపెనీ ఈ మార్పునే ప్రశ్నిస్తుంది.

నా సలహా ఇది. లుక్ కోసమే అయితే స్పేసర్ వద్దు. అల్లాయ్స్ మార్చేటప్పుడు కంపెనీ అనుమతించిన సైజులో, కరెక్ట్ ఆఫ్‌సెట్ ఉన్నవి తీసుకోండి. జాయింట్ ఒకటే ఉంటుంది. మా తమ్ముడు కూడా స్పేసర్ ఆలోచన మానేసి, ఆ డబ్బుతో అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించి రెండు కొత్త టైర్లు వేయించాడు. ఇప్పటికే స్పేసర్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు మాత్రం ఈ వారమే నాలుగు చక్రాలూ విప్పించి లోపలి నట్లు, మర చుట్లు, పగుళ్లు చూపించుకోండి. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని ఊరెళ్లే ముందే ఆ పని అయిపోవాలి.