గ్రంథపఠనంలో కలిగే తీవ్ర ఆందోళన: వాక్యానుసారమైన పరిశీలన, కాపరత్వ సూచనలు

ఉపోద్ఘాతం

వేదాంత విద్యార్థికి చదువు కేవలం పరీక్షల కోసం చేసే పని కాదు, అది అతని పిలుపులో భాగం. అందుచేత పుస్తకం తెరిచి కూర్చున్నప్పుడే గుండె దడ, ఊపిరి అందకపోవడం, చేతుల వణుకు, ప్రాణం పోతుందేమోననే భయం కలిగితే, అతడు దానిని ఆరోగ్య సమస్యగా చూడడు. దేవుడు నన్ను నిజంగా పిలిచాడా అని తన పిలుపునే శంకిస్తాడు. తోటివారు కూడా విశ్వాసం చాలలేదనీ, ప్రార్థన తగ్గిందనీ తేలికగా తీర్పు చెబుతారు. ఇలా చదువు మధ్యలో మానుకొని ఇంటికి వెళ్లిపోయేవారున్నారు. సేవలో ఉన్నవారైతే గ్రంథపఠనం విడిచిపెట్టి పాత ప్రసంగాలతోనే కాలం గడుపుతారు. ఈ బాధ ఏమిటి, వాక్యం దీనిని ఎలా చూస్తుంది, బాధపడే వ్యక్తీ అతని కాపరీ ఏమి చేయాలి అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. శరీరంలో జరిగేది ఏమిటి?

వైద్యులు దీనిని ప్యానిక్ అటాక్ అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రచురించిన డి.ఎస్.ఎం.-5 దీనికి 13 లక్షణాలను పేర్కొంది. వాటిలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ఒక్కసారిగా కనిపించి నిమిషాల్లోనే శిఖర స్థాయికి చేరితే అది ప్యానిక్ అటాక్. సాధారణంగా పది నిమిషాల లోపే అది శిఖరానికి చేరి, ఆ తరువాత తగ్గుముఖం పడుతుంది.

అపాయం ఎదురైతే పారిపోవడానికో పోరాడడానికో దేవుడు మన శరీరంలో ఒక ఏర్పాటు ఉంచాడు. ఎడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, శ్వాస వేగమవుతుంది. పాము ఎదురైనప్పుడు ఇది మేలు చేస్తుంది. కానీ ఎదుట ఉన్నది హెబ్రీ వ్యాకరణమైతే, పారిపోవలసిన పని లేకుండానే శ్వాస వేగమవుతుంది. అవసరానికి మించి ఊపిరి పీల్చి వదలడం వలన రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అక్షరాలు మసకగా కనిపిస్తాయి. దానిని చూచి, నాకేదో అయిపోతోంది అని మనస్సు ఇంకా భయపడుతుంది. ఆ భయం దడను ఇంకా పెంచుతుంది. ఈ విషవలయాన్ని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో వివరించాడు. శరీరంలోని మార్పును మహా విపత్తుగా అర్థం చేసుకోవడమే ఈ వలయాన్ని నడిపిస్తుందన్నది ఆయన వాదన సారాంశం.

2. చదువు దగ్గరే ఎందుకు?

దీనికి కారణాలు అనేకం. మన పరిస్థితిలో మూడింటిని ప్రత్యేకంగా గమనించాలి.

మొదటిది, భాషా భారం. పల్లెలో తెలుగు మాధ్యమంలో చదువుకొని వచ్చిన విద్యార్థి ఒక్కసారిగా ఇంగ్లీషు గ్రంథాలతో, గ్రీకు, హెబ్రీ భాషలతో తలపడతాడు. వెనుక ఉన్న సంఘమూ కుటుంబమూ అతనిపై పెట్టుకున్న ఆశ కూడా ఆ బల్ల మీదే బరువుగా కూర్చుంటుంది.

రెండవది, చదివే విషయం. పంచగ్రంథాల మూలాధారాలను గురించిన సిద్ధాంతాలను మొదటిసారి చదివినప్పుడు, చిన్ననాటి నుండి నిలబడిన నేల కదిలినట్టు కొందరికి అనిపిస్తుంది. అడగడానికి భయపడి, ఒంటరిగా ఆ ప్రశ్నను మోస్తారు.

మూడవది, హెచ్చరిక వాక్యాలు. హెబ్రీ 6:4-6, మార్కు 3:29 వంటివి చదివినప్పుడు తాము క్షమాపణకు అందనంత దూరం వెళ్లిపోయామని వణికే సున్నిత మనస్కులున్నారు. వారు ఆ పుటలను తెరవడమే మానేస్తారు. క్షమాపణ కోసం అంతగా తపించే మనస్సు ఆత్మను తృణీకరించిన కఠిన మనస్సు కాదని కాపరి వారికి విప్పి చెప్పాలి.

ఈ మూడింటిలోనూ ఒక సామాన్య విషయం ఉంది. భయం వేసిన వెంటనే పుస్తకం మూసి లేచిపోతే ఉపశమనం కలుగుతుంది. తప్పించుకున్నాను అని శరీరం నేర్చుకుంటుంది. మరుసటి రోజు పుస్తకాన్ని చూడగానే దడ మొదలవుతుంది. తప్పించుకోవడమే భయానికి మేత.

3. వాక్యం ఏమి చెబుతోంది?

నెహెమ్యా 8వ అధ్యాయం ఈ సందర్భానికి ఎంతో దగ్గరగా ఉంది. ఎజ్రా ధర్మశాస్త్రాన్ని చదువగా విన్న ప్రజలు ఏడ్వసాగారు. చదివినది పరిశుద్ధ గ్రంథమే, కలిగినది దుఃఖం. అప్పుడు నాయకులు వారి విశ్వాసాన్ని నిందించలేదు. దుఃఖపడవద్దని చెప్పి, ఇంటికి వెళ్లి భోజనం చేయమన్నారు, లేనివారికి భాగాలు పంపమన్నారు. అయితే పఠనం అక్కడితో ఆగలేదు. రెండవ దినమున కుటుంబ పెద్దలు మరల ఎజ్రా యొద్దకు కూడివచ్చారు (8:13). ఓదార్పు, ఆహారం, సహవాసం, తిరిగి గ్రంథం దగ్గరకు రావడం: ఈ క్రమం గమనించదగినది. అంతేకాక లేవీయులు చదివినదానికి అర్థం చెప్పారు (8:7-8). అర్థం కాని వాక్యంతో ఎవరినీ ఒంటరిగా విడిచిపెట్టలేదు.

దానియేలు 8:27 చిన్న వచనమైనా విలువైనది. దర్శనం చూచిన తరువాత ప్రవక్త మూర్ఛిల్లి కొన్నాళ్లు వ్యాధిగ్రస్థుడయ్యాడు. పిమ్మట లేచి రాజు పని చేశాడు, దర్శనం ఇంకా అర్థం కాకపోయినా. దైవజ్ఞానంలో గొప్పవాడైన దానియేలు శరీరం కూడా కంపించింది. అది అతని ప్రవక్త పిలుపును రద్దు చేయలేదు.

మరి ఫిలిప్పీ 4:6లో చింత వద్దని పౌలు ఆజ్ఞాపించలేదా అని కొందరు అడుగుతారు. అక్కడ వాడిన గ్రీకు క్రియ మెరిమ్నావో. అదే పత్రికలో 2:20లో తిమోతి సంఘ క్షేమం కోసం చింతించేవాడని మెచ్చుకుంటూ పౌలు అదే క్రియ వాడాడు. 2 కొరింథీ 11:28లో సంఘములన్నిటిని గూర్చిన తన చింతను చెప్పినప్పుడూ ఆ కుటుంబానికి చెందిన నామవాచకాన్నే వాడాడు. కాబట్టి ఆ పదం దానంతట అది పాపాన్ని సూచించదు. 4:6లోని మాట ఆ భారాన్ని ఒంటరిగా మోయక దేవుని యొద్దకు తెమ్మనే పిలుపు. వణికేవాడిని దూరంగా నెట్టడానికి వాడవలసిన వచనం కాదది.

4. సంఘ చరిత్ర నుండి ఒక సాక్ష్యం

1856 అక్టోబరు 19న లండన్‌లోని సర్రే గార్డెన్స్ సంగీత మందిరంలో స్పర్జన్ ప్రసంగిస్తుండగా ఎవరో మంటలంటూ కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరాలు. ఆ తరువాత కొంత కాలం బైబిలును చూచినా తనకు కన్నీళ్లు ఆగేవి కావని ఆయనే చెప్పుకున్నాడు. అంతటి ప్రసంగీకునికి కూడా గ్రంథం తెరవడం భయంకరమైన దినాలుండేవి. నవంబరు 2న ఆయన తిరిగి ప్రసంగ వేదిక ఎక్కాడు. అయితే కలత ఆయన జీవితంలో మరల మరల వచ్చింది. తన విద్యార్థులకు చేసిన ఉపన్యాసాలలో సేవకుని కృంగుదలను గురించి ప్రత్యేకంగా మాట్లాడి, ఎక్కువ సేపు కూర్చొని చదవడం, గాలి, నడక లేకపోవడం వంటి శారీరక కారణాలను కూడా లెక్కలోనికి తీసుకున్నాడు. దానిని ఆత్మీయ వైఫల్యంగా మాత్రమే చూడలేదు.

5. చదువు బల్ల దగ్గర ఆచరణ

దడ మొదలైనప్పుడు ఈ క్రమం సహాయపడుతుంది.

అ) పేరు పెట్టండి. ఇది ప్యానిక్ అటాక్, ఇది తగ్గిపోతుంది అని మనస్సులో చెప్పుకోండి.
ఆ) పుస్తకం పక్కన పెట్టండి, కానీ బల్ల దగ్గర నుండి పారిపోకండి. పాదాలు నేలకు ఆనించండి.
ఇ) గట్టిగా ఊపిరి పీల్చే ప్రయత్నం చేయకండి. నెమ్మదిగా, లోనికి పీల్చిన దానికంటే ఎక్కువ సేపు బయటకు వదలండి. ఊపిరి వదిలేటప్పుడు ప్రభువా, నీవు ఉన్నావు వంటి చిన్న ప్రార్థన చేయవచ్చు. అయితే దడ వెంటనే ఆగాలనే షరతుతో ప్రార్థించవద్దు, ఆగకపోతే ఆ ప్రార్థనే కొత్త భయమవుతుంది.
ఈ) ఉధృతి తగ్గాక ఆపిన వాక్యం దగ్గరకే తిరిగి వచ్చి ఐదు నిమిషాలైనా చదవండి. ముఖ్యమైన మెట్టు ఇదే. బల్ల ప్రమాదకరమైన స్థలం కాదని శరీరం ఇలాగే నేర్చుకుంటుంది.

మిగిలిన వేళల్లో నిద్ర, వేళకు భోజనం, నడక తప్పనిసరి. రాత్రి మేలుకోవడానికి త్రాగే టీ, కాఫీ తగ్గించాలి. కెఫీన్ కూడా గుండె దడను రేపుతుంది. ఈ స్థితిలో దీర్ఘ ఉపవాసం తగదు. ఏలీయాతో దేవదూత మొదట మాట్లాడినది భోజనం గురించే (1 రాజులు 19:5).

మొదటిసారి ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం వస్తే వైద్యుని చూడవలసిందే. గుండె, థైరాయిడ్ సమస్యలు కూడా ఇలాగే కనిపించవచ్చు. అటాక్‌లు పదే పదే వస్తుంటే, వాటి భయంతో చదువు ఆగిపోతుంటే మానసిక వైద్యుని కలవాలి. ఆలోచననూ ప్రవర్తననూ సరిచేసే చికిత్స, అవసరమైతే మందులు మంచి ఫలితం ఇస్తాయి. మందును సొంతంగా కొనకూడదు, అకస్మాత్తుగా మానకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు.

6. కాపరులకు, అధ్యాపకులకు

బాధపడే వ్యక్తి మన దగ్గరకు వచ్చినప్పుడు మొదట వినాలి. దయ్యం అనే మాట తొందరపడి పలకకూడదు. ఆ మాట భయపడుతున్న మనిషికి ఇంకొక భయాన్ని చేరుస్తుంది. అతని అనుమతి లేకుండా సంఘంలో ప్రార్థన విజ్ఞాపనగా ప్రకటించకూడదు. కష్టమైన గ్రంథాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి చదివే అలవాటు చేయించాలి. విమర్శనాత్మక పాఠం చెప్పేటప్పుడు ఇది వింటే కలత కలగవచ్చు, నన్ను అడగండి అని అధ్యాపకుడు ముందే చెప్పడం వలన ఎంతో భారం తగ్గుతుంది. ఆత్మహత్య మాట వినిపిస్తే రహస్యంగా ఉంచక, ఆ వ్యక్తిని ఒంటరిగా విడువక, వెంటనే వైద్య సహాయానికి తీసుకువెళ్లాలి.

ముగింపు

ప్రసంగి 12:12 విస్తారమైన విద్యాభ్యాసం దేహానికి ఆయాసకరమని ఒప్పుకుంటుంది. చదువు శరీరంతో చేసే పని. ఆ శరీరం మంటితో చేయబడినదని దేవునికి తెలుసు (కీర్తన 103:14). కనుక పుస్తకం ముందు వణికిన విద్యార్థిని పిలుపు లేనివానిగా లెక్కించక, ఎజ్రా దినాల్లోని లేవీయుల వలె ఓదార్చి, భోజనం పెట్టి, అర్థం చెప్పి, మరుసటి దినమున మరల గ్రంథం దగ్గరకు నడిపించడం మన బాధ్యత. అలా తిరిగి వచ్చినవాడు రేపు తన సంఘంలో వణికే మరొకరి ప్రక్కన కూర్చోగలడు.