హార్డ్ డిస్కు మొరాయిస్తే: ముందు కాపీ, తర్వాతే పరీక్ష

పిల్లల చదువుల కోసం ఏనాడో కొన్న కంప్యూటర్లు ఇప్పటికీ చాలా ఇళ్లలో పనిచేస్తున్నాయి. మార్కుల జాబితాలు, ఆదాయ ధ్రువపత్రాలు స్కాన్ చేసి దాచేదీ, ప్రాజెక్టు రిపోర్టులు తయారయ్యేదీ వాటిలోనే. ఇవన్నీ ఉండేది హార్డ్ డిస్కులో. డిస్కు పోతే కొత్తది కొనుక్కోవచ్చు, అందులో ఉన్నవి కొనలేము. స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు ముందు అలా జరిగితే విద్యార్థి ఒక ఏడాది సహాయానికి దూరం కావచ్చు. కనుక ఈ కింది విషయాలు విద్యార్థులు, తల్లిదండ్రులు గమనించగలరు.

లక్షణాలు: కంప్యూటరు తెరుచుకోవడానికి మునుపటికంటే చాలా సమయం పట్టడం, ఫైలు తెరవగానే కొంతసేపు బిగుసుకుపోవడం, ఫైళ్ల పేర్లు గజిబిజిగా మారడం, ఆన్ చేసిన ప్రతిసారీ డిస్కు తనిఖీ దానంతటదే మొదలవడం. వీటిలో ఏది కనిపించినా మొదట చేయవలసింది మరమ్మతు కాదు, కాపీ. ధ్రువపత్రాలు, ప్రాజెక్టు ఫైళ్లు, ఫోటోలు ఈ వరుసలో పెన్ డ్రైవుకో, బయటి డిస్కుకో ఎక్కించండి. పాటలు, సినిమాలు ఆఖరున. అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు ఫైళ్లు ఉంటే ఆ ఫాంటును కూడా కాపీ చేయండి. లేకపోతే వేరే కంప్యూటరులో అక్షరాలు అర్థం కావు.

డిస్కు నుంచి టక్ టక్ మని లేదా గీసినట్లు శబ్దం వస్తుంటే వెంటనే ఆపివేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే ఉన్నది కూడా పోవచ్చు. మూత ఎంతమాత్రం విప్పరాదు. లోపల తిరిగే పళ్లేనికీ చదివే మొనకూ మధ్య ఎడం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. దుమ్ము రేణువు చాలు పాడుచేయడానికి. సమాచారం విలువైనదైతే డేటా రికవరీ నిపుణులకే అప్పగించాలి.

కాపీ అయ్యాక పరీక్ష. డిస్కు తన లోపాలను తానే లెక్క రాసుకుంటుంది. దీన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో ఆ లెక్క చూడవచ్చు. నీలం రంగు బాగున్నట్లు, పసుపు హెచ్చరిక, ఎరుపు చెడినట్లు. ముఖ్యంగా మూడు వరుసలు చూడండి. 05 అంటే లెడ్జరులో చిరిగిన పుటను వదిలి, విడిగా ఉంచిన ఖాళీ పుటలో పద్దు రాసినట్లు, చెడిన భాగాల బదులు వాడిన భాగాల లెక్క. సి5 అనుమానపు పద్దు. సి6 చదవడానికి వీలుకాని భాగాల లెక్క. ఈ అంకెలు హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి. అక్కడ 10 అంటే మన లెక్కలో 16. వారం తర్వాత మళ్లీ చూడండి. అంకె పెరుగుతుంటే ఆ డిస్కును ఇక నమ్మరాదు.

సి7 మాత్రమే పెరుగుతుంటే దోషం చాలావరకు కేబులుదే. కరెంటు తీసేసి కేబులు బిగించి చూడండి, లేదా మార్పించండి. అంతా సవ్యంగా ఉన్నా కంప్యూటరు నత్తనడక నడుస్తుంటే ర్యామ్ చాలకపోవడం, వైరస్, వేడి వంటి ఇతర కారణాలు వెదకాలి.

విండోస్‌లోని చెక్ డిస్క్‌ను కాపీకి ముందు నడపకండి. చెడిన భాగాలను వెదకమంటే అది డిస్కునంతా గంటల తరబడి చదివిస్తుంది; చివరి దశలో ఉన్న డిస్కు ఆ శ్రమకు తట్టుకోదు.

స్మార్ట్ బాగుందని చెప్పినా నిశ్చింతగా ఉండరాదు. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో గూగుల్ ఇంజనీర్లు ప్రచురించిన వ్యాసం ప్రకారం, చెడిపోయిన వాటిలో సగానికి పైగా డిస్కుల్లో నాలుగు ముఖ్య సూచికలూ సున్నాగానే ఉన్నాయి. అంటే చెప్పి పోయేవి కొన్ని, చెప్పకుండా పోయేవి మరికొన్ని.

కనుక డిస్కు బాగున్నప్పుడే ముఖ్యమైన ప్రతి ఫైలుకూ కనీసం రెండు ప్రతులుండాలి, అందులో ఒకటి కంప్యూటరు బయట ఉండాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. విద్యార్థులు ఈ ఆదివారమే ఒక గంట కేటాయించి తమ మార్కుల జాబితాలతో ఈ పని మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాను.