పాత కంప్యూటరున ఎస్‌.ఎస్‌.డి. మందగించినచో గృహిణి చేయదగిన పరీక్షలు



2016వ సంవత్సరమున నేర్పడిన మహబూబాబాదు జిల్లాలోని గూడూరు వంటి మండల కేంద్రములందు పిల్లల పాఠములు, మహిళా సంఘముల లెక్కలు, పెండ్లి ఛాయాచిత్రములు నేడు కంప్యూటరునందే భద్రపరుపబడుచున్నవి. క్రొత్త యంత్రము కొనలేనివారు పాతదానిలోని హార్డుడిస్కును తీసివేసి ఎస్‌.ఎస్‌.డి. వేయించుకొనుట మంచి పొదుపు. కాని కొంతకాలమునకు అదియు మందగించినపుడు, "ఇది పనికిరాదు, క్రొత్తది కొనుడు" అను మాట విని సంసారపు సొమ్ము వ్యయపఱచుట తగదు. నర్సంపేటకో మహబూబాబాదుకో యంత్రమును మోసికొనిపోవుటకు ముందు ఇంటనే చేయదగిన పరీక్షలు కలవు.

అన్నిటికంటె ముందు ముఖ్యమైన ఫైళ్లకు వేఱొకచోట నకలు తీసికొనవలెను. హార్డుడిస్కు చెడునపుడు తఱచు గరగరలాడి హెచ్చరించును. ఎస్‌.ఎస్‌.డి. నిన్నటివఱకు మౌనముగా పనిచేసి, నేడు పూర్తిగా కానరాకపోవచ్చును. యంత్రము పోయిన మరల కొనవచ్చును. చిత్రములు పోయిన మరల రావు.

ఇది మందగించుటకు కారణమేమి? దీనిలోని ఫ్లాష్ మెమొరీలో వ్రాసినచోట తుడువక మరల వ్రాయుటకు వీలులేదు. తుడుచుట కూడ చిన్న భాగముగా గాక, పెద్ద భాగముగానే జరుగును. కడిగిన గిన్నెలున్న వడ్డన వెంటనే సాగును. అన్నియు ఎంగిలివైనచో ముందు కడుగవలసివచ్చును గదా! ఏ గిన్నెలు ఖాళీ అయినవో తెలుపు ఆజ్ఞకు "ట్రిమ్" అని పేరు. విండోస్ ఎక్స్‌.పి., విస్టాలలో ఇది లేదు; 2009లో వచ్చిన విండోస్ 7 నుండి కలదు.

కావున మొదట డ్రైవులో నూటికి పదునైదు, ఇరువది వంతులైనను ఖాళీగా నుంచవలెను. పిదప విండోస్ 10లో "ఆప్టిమైజ్ డ్రైవ్స్" అను చోట వారమున కొకమాఱు ఆ పని జరుగుచున్నదో లేదో చూడవలెను. హార్డుడిస్కునకు వలె దీనికి వేఱు సాధనములతో డీఫ్రాగ్ చేయరాదు. ప్రయోజనము లేకపోగా అరుగుదల హెచ్చును.

తరువాత యంత్రపు శక్తిని గమనింపవలెను. సాటా రెండవ తరపు యంత్రము క్షణమునకు 300 మెగాబైట్లకు మించి పంపజాలదు. డబ్బామీద 550 అని యున్నను, అచట 270 వచ్చిన అది రోగము కాదు. బయాస్‌నందు "ఐ.డి.ఇ." అని యున్న "ఏ.హెచ్‌.సి.ఐ." మేలు, కాని విండోసును ముందుగా సిద్ధపఱుపక మార్చినచో యంత్రము తెఱచుకొనకపోవచ్చును. ఈ పని తెలిసినవారిచేతనే చేయింపవలెను.

ఒక్కొక్కప్పుడు దోషము డ్రైవుది కాదు. టాస్క్ మేనేజరునందు ర్యామ్ ఎల్లప్పుడు నిండియున్నచో యంత్రము డ్రైవునే తాత్కాలికముగ వాడుకొని నెమ్మదించును. అప్పుడు కొంత ర్యామ్ చేర్చిన చాలును.

తయారీదారుల లోపమును కలుగవచ్చును. శామ్‌సంగ్ 840 ఈవో డ్రైవులు చాలకాలము క్రిందట వ్రాసిన ఫైళ్లను మిక్కిలి మెల్లగా చదువుచున్నవని 2014లో బయటపడెను. ఆ సంస్థ ఆ యేడు ఒకమాఱు, 2015లో మరొకమాఱు ఫర్మ్‌వేరు సవరణ లిచ్చెను. మీ డ్రైవునకు అట్టి సవరణ కలదేమో తయారీదారుని వద్ద విచారింపవలెను.

తుదకు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాధనముతో డ్రైవు ఆరోగ్యమును చూడుడు. "జాగ్రత్త" యనిన వెంటనే మార్చుకొనుట మేలు. డ్రైవు బాగుండినను మఱియొక సంగతి మఱువరాదు: విండోస్ 10నకు సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. బ్యాంకు వ్యవహారములు నడుపువారు దీనినిగూడ తలచి వ్యయము నిర్ణయించుకొందురుగాక. రోగమేదో తెలిసికొని మందు కొనుట గృహిణికి క్రొత్త విద్య కాదు. యంత్రము విషయమునను అదే నీతి.