నడుమ నిలుచు కాపరి: వోల్టేజి ఫాలోయరు

గరిటెడు వేడినీటి ఉష్ణోగ్రత కనుగొనుటకు పెద్ద థర్మామీటరును ముంచినచో, అదియే నీటి వేడిని కొంత తీసికొనును. అది చూపునది చల్లబడిన నీటి ఉష్ణోగ్రతయే. వోల్టేజిని కొలుచునపుడును ఇట్టి చిక్కే కలదు.

ఒక్కొక్క మెగోము విలువగల రెండు నిరోధములను వరుసగా కలిపి, 6 వోల్టుల బ్యాటరీకి తగిలింతము. నడిమి బిందువు వద్ద 3 వోల్టులు ఉండవలెను. కాని ఒక మెగోము నిరోధముగల వోల్టుమీటరును అచట కలిపిన, ముల్లు 2 వోల్టులే చూపును. మీటరు చెడిపోలేదు. అది లాగుకొను ప్రవాహము వలన కొలువవలసిన వోల్టేజియే తగ్గినది.

దీనికి విరుగుడు ఆపరేషనల్ ఆంప్లిఫయరు. 1947లో జాన్ రాగజ్జినీ, ఆయన సహచరులు ప్రచురించిన వ్యాసములో దీనికి ఈ పేరు పెట్టిరి. నాడు వాల్వులతో నిర్మించినది నేడు చిన్న చిప్పులో ఇమిడియున్నది. దీనికి ధన, ఋణ ప్రవేశములు రెండు, నిర్గమము ఒకటి. ప్రవేశముల మధ్యగల తేడాను ఇది లక్షరెట్లు పెంచుననుకొందము. నిర్గమమును తీగతో ఋణ ప్రవేశమునకు కలిపి, మన 3 వోల్టులను ధన ప్రవేశమునకు ఇత్తము. నిర్గమము ఏమాత్రము తగ్గినను తేడా పెరిగి, దానిని మరల పైకి లేపును. కావున తేడా 30 మైక్రోవోల్టుల వద్ద నిలిచి, నిర్గమము ఇంచుమించు 3 వోల్టులే ఉండును. ఇదియే వోల్టేజి ఫాలోయరు. ఎఫ్.ఇ.టి. ప్రవేశముగల టి.ఎల్.071 వంటి చిప్పు ప్రవేశ నిరోధము సుమారు లక్షకోట్ల ఓములు. అది మూలమునుండి తీసికొను ప్రవాహము లెక్కకు రాదు. మీటరునకు వలసిన ప్రవాహము చిప్పు సరఫరానుండి వచ్చును.

ఇది కాపరి ఎట్లగును? వెనుకనున్న మైక్రోకంట్రోలరు 5 వోల్టులకు మించి ఓర్వదనుకొందము. 5 వోల్టులతో పనిచేయు చిప్పును ఎన్నుకొని, దానికి ఆ సరఫరానే ఇచ్చినచో, నిర్గమము అంతకు మించజాలదు. పొరపాటున 12 వోల్టులు తగిలినను దెబ్బ చౌకయైన చిప్పుతో ఆగును. చిప్పును కూడ కాపాడుటకు ప్రవేశమున 10 కిలోఓముల నిరోధము ఉంచవలెను. లోపల రక్షక డయోడులుగల రకములలో అపుడు ప్రవాహము 0.7 మిల్లీ ఆంపియరు దాటదు. మామూలు సమయమున ప్రవాహమే లేనందున ఈ నిరోధము కొలతను చెడగొట్టదు.

అయినను చిప్పునకు 12 వోల్టుల సరఫరా ఇచ్చినచో ఈ రక్షణ ఉండదు. ఇంటి 230 వోల్టుల విద్యుత్తు ఎదుట ఈ కాపరి నిలువలేదు. విద్యార్థులు దానిని ఎన్నడును దీనికి తగిలింపరాదు.