షవర్‌ను విప్పి ఎన్నాళ్లయింది?

ఓసారి మీ బాత్రూంలోని షవర్‌ను తలెత్తి చూడండి. సగం రంధ్రాల నుంచే నీళ్లు వస్తున్నాయా? ఒకటి రెండు ధారలు పక్కకు తిరిగి గోడ మీద పడుతున్నాయా? అంచుల చుట్టూ సున్నంలా తెల్లగా పేరుకుందా? అయితే దాన్ని శుభ్రం చేయడం ఇప్పటికే ఆలస్యమైంది. మనం బకెట్‌ కడుగుతాం, మగ్గు తోముతాం, నేల రుద్దుతాం. తల మీద ఉన్నదాన్ని మాత్రం ప్లంబర్‌ బిగించి వెళ్లిన రోజు నుంచి ముట్టుకోం.

ఆ తెల్లటి పొర బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు వేడెక్కితే ఇంకా త్వరగా పేరుకుంటుంది. గీజర్‌ కాయిల్‌కు పట్టేదీ ఇదే. దీనివల్ల నేరుగా జబ్బేమీ రాదు. అసలు సంగతి దాని వెనక ఉంది. గరుకుగా ఉన్న ఆ పొర మీద, లోపల నిలిచిపోయిన నీటిలో సూక్ష్మజీవులు జిగురులా అల్లుకుని బతుకుతాయి. దీన్ని బయోఫిల్మ్‌ అంటాం. చాలా రోజులు కడగని నీళ్ల బిందె లోపల వేలు పెడితే జారుడుగా తగులుతుందే, అలాంటిదే. నీటిలోని కాస్త క్లోరిన్‌ దీని అడుగుదాకా చేరలేదు.

తాగితే కాదు, పీలిస్తే

1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, ఒక హోటల్‌లో ‘అమెరికన్‌ లీజియన్‌’ అనే మాజీ సైనికుల సంఘం సమావేశాలు జరిగాయి. ఆ తర్వాత వారిలో చాలామందికి తీవ్రమైన నిమోనియా వచ్చింది. మొత్తం 200 మందికి పైగా జబ్బుపడ్డారు. 34 మంది చనిపోయారు. కారణమైన బ్యాక్టీరియా 1977 జనవరిలో గానీ దొరకలేదు. సంఘం పేరు మీదే దానికి లీజియనెల్లా అని పేరు పెట్టారు. అక్కడ అనుమానం ఏసీ వ్యవస్థ మీదకు వెళ్లింది. కానీ గోరువెచ్చటి నీళ్లు నిలిచి, తుంపరగా మారే చోటు ఏదైనా దానికి అనుకూలమే. షవర్‌లో ఆ రెండూ ఉన్నాయి. నీటి తుంపరను పీల్చినప్పుడు క్రిములు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. 2009లో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికాలోని 9 నగరాల్లో షవర్లను పరీక్షిస్తే, చాలావాటిలో క్షయ క్రిమికి దూరపు చుట్టమైన మైకోబ్యాక్టీరియా జాతులు కనిపించాయి. ఇవి క్షయను కలిగించవు గానీ, బలహీనమైన ఊపిరితిత్తుల్లో మొండి ఇన్ఫెక్షన్‌కు కారణం కాగలవు.

ఇది చదివి షవర్‌ పీకి పారేయక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్నవారికి చాలావరకు ఏమీ కాదు. నా ఆందోళన కొందరి గురించే: 50 దాటిన వారు, పొగతాగేవారు, సీవోపీడీ, మధుమేహం, కిడ్నీ జబ్బులు ఉన్నవారు, స్టెరాయిడ్లు వాడుతున్నవారు, కీమోథెరపీలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు. ఇలాంటి వారు ఇంట్లో ఉంటే వారికి బకెట్‌, మగ్గు స్నానమే మేలని చెబుతాను. పాతపద్ధతి అని నామోషీ పడాల్సిందేమీ లేదు. తుంపర తక్కువ, నీళ్లూ ఆదా.

లీజియనెల్లా నిమోనియాలో తీవ్ర జ్వరం, దగ్గు, ఆయాసంతోపాటు విరేచనాలు, మాట తడబడటం, అయోమయం కూడా ఉండొచ్చు. మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్‌ దీని మీద పనిచేయదు. పనిచేసే మందులు వేరే ఉన్నాయి, మూత్ర పరీక్షతోనూ దీన్ని గుర్తించవచ్చు. కాబట్టి అంతకు ముందు రెండు వారాల్లో హోటల్‌లో బస చేశారా, చాలారోజులు మూసి ఉన్న ఇంట్లో స్నానం చేశారా అన్నది అడగకపోయినా డాక్టర్‌కు చెప్పండి.

ఇక శుభ్రం చేద్దాం

షవర్‌ తల చేత్తో తిప్పితేనే ఊడివస్తుంది. బిగుసుకుపోతే గుడ్డ చుట్టి పానాతో తిప్పండి. లేదంటే పూత గీసుకుపోతుంది. తెల్ల వెనిగర్‌, నీళ్లు సమానంగా కలిపి అందులో ముంచండి. బుడగలు వస్తుంటే సున్నం కరుగుతోందని అర్థం. మామూలు స్టీలు, ప్లాస్టిక్‌ షవర్‌ అయితే రెండు మూడు గంటలు ఉంచొచ్చు. బంగారు రంగు, నలుపు పూత ఉన్నవాటికి అరగంట మించొద్దు. ఊడిరాకపోతే అదే ద్రవాన్ని ప్లాస్టిక్‌ కవర్లో పోసి, షవర్‌ మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టేయండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. వెనిగర్‌ సున్నాన్ని కరిగిస్తుంది గానీ, జిగురు పొర పోవాలంటే రుద్దాల్సిందే. రబ్బరు రంధ్రాలైతే బొటనవేలితో నలిపితే చాలు. లోపల చిన్న జాలీ ఉంటే అదీ తీసి కడగండి, ఇసుకంతా అక్కడే ఉంటుంది. బోరునీళ్ల ఇళ్లలో నెలకోసారి ఈ పని పెట్టుకోండి. వెనిగర్‌ మార్బుల్‌ మీద పడితే మచ్చ పడుతుంది, చూసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. వెనిగర్‌నైనా, బాత్రూం యాసిడ్‌నైనా బ్లీచింగ్‌తో కలపకూడదు. రెండు కలిస్తే ఇంకా తెల్లగా వస్తుందనుకుంటారు. వచ్చేది క్లోరిన్‌ వాయువు. తలుపు వేసుకుని చిన్న బాత్రూంలో ఈ పని చేస్తే నిమిషాల్లో ఊపిరాడదు, ఆస్తమా ఉన్నవారికి ప్రాణం మీదకు వస్తుంది. అలా జరిగితే వెంటనే బయటి గాలిలోకి వచ్చి, దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

షవర్‌ ఎంత కడిగినా నీళ్లు వచ్చే ట్యాంకులో అడుగున బురద ఉంటే ప్రయోజనం లేదు. దాన్ని ఆర్నెల్లకోసారైనా కడిగించండి, మూత సరిగా ఉందో చూడండి. శుభ్రమైన నీటికి వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్‌ పౌడర్‌ సరిపోతుంది. గాలి తగిలి మెత్తబడిన పౌడర్‌లో సత్తువ ఉండదు. గీజర్‌ విషయానికొస్తే, కరెంటు ఆదా అని 40 డిగ్రీల దగ్గర పెడితే అది లీజియనెల్లాకు హాయిగా ఉండే వేడి. ట్యాంకు ఉన్న గీజర్‌ను 60 డిగ్రీల మీద ఉంచండి. అయితే ఆ నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. పిల్లలకు, పెద్దవాళ్లకు స్నానం చేయించేటప్పుడు ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేడినీళ్లు కలపండి.

సంక్రాంతికో, వేసవి సెలవులకో ఊరెళ్లి వారం పది రోజుల తర్వాత తిరిగొచ్చారనుకోండి. వచ్చీ రాగానే షవర్‌ కింద నిలబడొద్దు. బాత్రూం కిటికీ తెరిచి, షవర్‌ తలను బకెట్లోకి వంచో, గుడ్డ చుట్టో, తుంపర ఎగరకుండా వేడినీళ్లు, చన్నీళ్లు విడివిడిగా కొన్ని నిమిషాలు వదిలేయండి. ఆ సమయంలో తలుపు దగ్గరగా వేసి, మీరు బయట ఉండండి.