మీకు తెలుసా? సైబరాబాద్‌లోనూ దీవులున్నాయి

అట్లాంటిక్ సముద్రంలో ఫ్యూర్తెవెంతూరా అని ఒక దీవి ఉంది. స్పెయిన్ దేశానిది. ఆఫ్రికా తీరానికి సుమారు వంద కిలోమీటర్ల దూరం. ఏడాది పొడవునా అక్కడ సగటున కురిసే వాన 150 మిల్లీమీటర్లకు మించదు. బోడి కొండలు, ఇసుక, గాలి, ఎటు చూసినా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కోసమే జనం ఎక్కడెక్కడి నుంచో వెళ్తారు. హైటెక్ సిటీలో పనిచేసేవాళ్ళు అలాంటి చోటు కోసం అంత దూరం పోనక్కర్లేదు. ఆదివారం తెల్లారగట్ల ఒక ఆటో ఎక్కితే చాలు.

భూగర్భ శాస్త్రజ్ఞులు 'ఇన్సెల్‌బర్గ్' అనే మాట వాడతారు. జర్మన్ భాషలో ఇన్సెల్ అంటే దీవి, బర్గ్ అంటే కొండ. చదును నేల మధ్య ఒంటరిగా లేచి నిలబడ్డ రాతి కొండకు ఆ పేరు. మనం గుట్ట అంటాం. ఖాజాగూడ గుట్టలెక్కి నాలుగు దిక్కులా చూస్తే ఆ జర్మన్ మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. చుట్టూ నీళ్ళకు బదులు అద్దాల భవనాలు. మధ్యలో ఎండిన గడ్డి, వేడెక్కిన రాయి.

ఇక వయసు సంగతి. ఫ్యూర్తెవెంతూరా సముద్రం మీదికి తేలి సుమారు 2 కోట్ల ఏళ్ళు. కానరీ దీవుల్లో పెద్దక్క అదే. అసలు అట్లాంటిక్ సముద్రమే విచ్చుకోవడం మొదలై సుమారు 20 కోట్ల ఏళ్ళేనంటారు. మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం గుట్టల గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అంటే ఆ సముద్రం పుట్టేనాటికే మన బండలు తమ ఆయుష్షులో పదింట తొమ్మిది వంతులు గడిపేశాయి. సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. దాన్ని మనం 'పాత బిల్డింగు' అంటున్నాం!

గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు. కిందిది బస్సంత, పైది ఇల్లంత. ఎవరు పేర్చారు? ఈ ప్రశ్న నన్ను చిన్నప్పుడు నిద్రపోనిచ్చేది కాదు. రాక్షసులని ఒకరు, ప్రళయంలో కొట్టుకొచ్చాయని ఇంకొకరు చెప్పేవారు. నిజానికి వాటిని ఎవరూ ఎత్తలేదు, ఏ వరదా దొర్లించలేదు. అవి ఉన్నచోటే తయారయ్యాయి. కిలోమీటర్ల లోతున కరిగిన శిల మెల్లగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న నేల కోట్ల ఏళ్ళపాటు అరిగిపోతూ వచ్చింది. బరువు తగ్గేకొద్దీ అడుగునున్న రాయి సాగి, అడ్డంగా నిలువుగా చీలింది, కత్తితో గాట్లు పెట్టిన మైసూర్‌పాకులా. ఆ పగుళ్ళలోకి వాననీరు దిగింది. నీరు తగిలిన చోట రాయి మెత్తబడి మొరం అయింది. మూలల మీద మూడు వైపుల నుంచి దాడి కాబట్టి ముందు మూలలే అరిగాయి. పలకగా ఉన్నది గుండ్రమైంది. ఇదంతా జరిగింది నేల లోపలే. తర్వాత వానలకు మొరం కొట్టుకుపోయి గుండ్లు బయటపడ్డాయి. పైనున్న గుండూ కిందున్న గుండూ ఒకప్పుడు ఒకే బండ. ఒకదాని మీద ఒకటి అంత కుదురుగా నిలబడింది అందుకే!

దగ్గరికెళ్ళి చూడండి. గులాబీ ఛాయలో మెరిసేది ఫెల్డ్‌స్పార్, గాజు పెంకులా ఉన్నది క్వార్ట్జ్, నల్లటి చుక్కలు అభ్రకం. కొన్ని బండల పైపొర ఉల్లిపాయ పొరలా లేచి ఉంటుంది. వేలి కణుపుతో తట్టితే బోలుగా మోగుతుంది. అక్కడ అడుగు వెయ్యొద్దు, పెళుసుగా ఉంటుంది. వానాకాలంలో బండల మీది గుంటల్లో నీరు నిలుస్తుంది. వాటికి తెలుగులో 'దొన' అని చక్కటి మాట ఉంది. పిట్టలకు అదే నీటి తొట్టి.

దుర్గం చెరువును 'సీక్రెట్ లేక్' అనడానికి కారణం కూడా ఈ బండలే. సుమారు 83 ఎకరాల చెరువు గుట్టల మధ్య దాగి ఉండేది, దగ్గరికొచ్చేదాకా కంటపడేది కాదు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇక్కణ్ణుంచి వెళ్ళేది. గ్రానైట్ నీటిని పీల్చుకోదు. కురిసింది కురిసినట్టు జారి పల్లంలోకి చేరుతుంది. అలా నిండిన చెరువే ఇది. 2020 సెప్టెంబరులో ప్రారంభించిన తీగల వంతెన మీద, 234 మీటర్ల నడిమి భాగంలో నిలబడి అందరూ చెరువుతో సెల్ఫీ దిగుతారు. కాస్త తల తిప్పి గట్టునున్న బండలను కూడా చూడమని నా మనవి. అవి లేకపోతే ఆ చెరువే లేదు.

శిల్పారామంలో 'ఎలుగుబంటి ముక్కు' ఉందని తెలుసా? అది ఓ రాయి పేరు. చేనేత చీరల కోసం, కొండపల్లి బొమ్మల కోసం వెళ్ళినవాళ్ళలో ఎంతమంది దాన్ని చూసుంటారు? అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ, అదే హుడా, కాపాడదగిన వారసత్వ సంపదగా 9 శిలా సముదాయాలను జాబితాలో చేర్చింది. ఎలుగుబంటి ముక్కు, దుర్గం చెరువు గుట్టలు, హైదరాబాద్ యూనివర్సిటీ క్యాంపస్‌లోని పుట్టగొడుగు రాయి, పాత బొంబాయి రోడ్డులో హుస్సేన్ షా వలీ దర్గా దగ్గరి బండలు అందులోవే. దీని వెనక 1996లో మొదలైన 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంఘం కృషి ఉంది. చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, ప్రకృతి ప్రేమికులు కలిసి పెట్టుకున్న సంఘమది. నగర చరిత్రకారుడు నరేంద్ర లూథర్ ఈ రాళ్ళ మీద 'రాకుమెంటరీ' అని ఓ డాక్యుమెంటరీ కూడా తీశారు. కానీ ఆ జాబితాకు ఆధారమైన హుడా 13వ నిబంధనను 2015లో తొలగించారు. ఈ మాట రాస్తుంటే నాకు బాధగానే ఉంది. చెట్టు కొడితే ఇంకోటి నాటొచ్చు. చెరువు పూడితే తవ్వొచ్చు. గుట్టను పేల్చాక దాన్ని తిరిగి తెచ్చే విద్య ఎవరి దగ్గరా లేదు.

ఖాజాగూడ గుట్టల మీద అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, గుహలున్నాయి. 1925 జులై నుంచి చివరిదాకా నోరు విప్పని ఆధ్యాత్మిక గురువు మెహెర్ బాబా 1951లో ఏకాంతం కోసం వెతుక్కుంటూ వచ్చింది ఈ గుట్టలకే. మౌనంగా బతికిన మనిషికి నచ్చిన చోటంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. ఇప్పుడు కింద ఔటర్ రింగ్ రోడ్డు వైపు వెళ్ళే బళ్ళ హోరు. అయినా రెండు గుండ్ల సందులోకి దూరి కూర్చుంటే ఆ హోరు సగానికి సగం తగ్గిపోతుంది. గాలి వినిపిస్తుంది. బండలెక్కడం నేర్చుకునే కుర్రాళ్ళు తాళ్ళు, చాక్ పొడి సంచులు పట్టుకుని ఇక్కడికే వస్తారు.

ఇంకో మాట. 'కంచ గచ్చిబౌలి' అన్నప్పుడు కంచ అంటే ముళ్ళకంచె కాదు. సాగు చేయకుండా పశువుల మేతకు వదిలేసిన భూమిని తెలంగాణలో కంచ అంటారు. 2025లో అక్కడి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించినప్పుడు ఈ మాట దేశమంతా వినిపించింది. హైదరాబాద్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న ఆ నేలలో నెమళ్ళు తిరుగుతాయి, చుక్కల జింకలు కనిపిస్తాయి. క్యాంపస్‌లో బృహత్ శిలాయుగపు సమాధులూ ఉన్నాయి. ఈ బండల నీడన మనుషులు మూడు వేల ఏళ్ళ కిందటే తమవాళ్ళను పూడ్చిపెట్టి, పెద్ద పెద్ద రాళ్ళు నిలబెట్టి వెళ్ళారన్నమాట.

ఖాజాగూడలో ఈసారి నడిచేటప్పుడు బండల అంచులు గమనించండి. కొన్నిచోట్ల బెత్తెడు ఎడంతో, వరసగా, వేలు పట్టేంత గుంటలు కనిపిస్తాయి. వడ్డెరలు ఉలితో తొలిచినవి. వాటిలో ఇనుప చీలలు దించి, సమ్మెటతో ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోతే రాయి గీత గీసినట్టు విడిపోతుంది. మందుగుండుతో పేల్చే రోజులకు ముందు ఈ ఊరి గడపరాళ్ళు, మెట్లు, రుబ్బురోళ్ళు అలా వచ్చినవే. నేను చూసిన ఒక బండ మీద పదకొండు గుంటలున్నాయి. రాయి మాత్రం విడిపోలేదు. ఆ రోజు ఎందుకో పని అక్కడితో ఆగింది. గుంటల్లో మట్టి చేరి, ఒకదాంట్లో గడ్డి మొలిచింది.