సీసాలో బస్తా పడుతుందా?

సంక్రాంతి సెలవులకు మాక్లూర్ పోతే మా పెద్దబాపు నానో యూరియా సీసా తెచ్చి నా ముందు పెట్టాడు. "గీ అర లీటర్ల బస్తెడు యూరియా ఎట్ల పట్టిందిరా?" అన్నాడు.

ఎలక్టివ్‌లో నానో మెటీరియల్స్ చదివిన ధీమాతో, "కణం చిన్నగైతే ఉపరితలం పెరుగుతది" అన్నాను.

"అది పెరుగుతది సరే. నత్రజని పెరుగుతదా?"

నా దగ్గర జవాబు లేదు. తిరిగొచ్చాక లెక్క వేశాను. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల పైనే. 2021లో ఇఫ్కో తెచ్చిన నానో యూరియాలో 4 శాతం, అంటే 500 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 20 గ్రాములు. 2024లో 20 శాతం రకం వచ్చింది, అందులోనూ 100 గ్రాములే. నేలలో వేసిన యూరియా గాలికీ నీళ్లకీ పోతుందని, 20-50 నానోమీటర్ల కణాలైతే ఆకు రంధ్రాల్లోంచి నేరుగా లోపలికి పోతాయని కంపెనీ వాదన. నిజమే, వృథా ఎక్కువే. కానీ బస్తాలో మూడింట రెండొంతులు పోయిందనుకున్నా దాదాపు 7 కిలోలు మిగులుతుంది కదా!

మరి ఆ నానోమీటర్ల అంకె ఎలా తేలుస్తారు? ఒక పద్ధతి డైనమిక్ లైట్ స్కాటరింగ్. ద్రవంలోకి లేజర్ వేస్తారు. నీళ్లలో చిన్న కణాలు చురుగ్గా, పెద్దవి మెల్లగా కదులుతాయి. చెదిరిన వెలుగు ఎంత త్వరగా మిణుకుతుందో చూసి సైజు లెక్కగడతారు. అయితే ఆ కణం దేనితో తయారైందో ఈ యంత్రం చెప్పదు. యూరియా నీళ్లలో చక్కెరలాగే కరుగుతుంది (బోధన్ ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లయినా మాకు చక్కెరంటే బోధనే). కరిగాక మిగిలేది విడి అణువులు, ఒక్కోటి ఒక నానోమీటరు కన్నా చిన్నది. కాబట్టి 30 నానోమీటర్ల కణం కనిపిస్తే అది యూరియాదా, కలిపిన పాలిమర్‌దా అని అడగాలి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మే చూపిస్తుంది. కానీ మామూలుగా దానికి నమూనాను ఎండబెట్టి, గాలి తీసేసిన గదిలో పెట్టాలి. ఉప్పునీళ్లు ఎండితే పళ్లెంలో ఉప్పు తేలినట్టు, చుక్క ఎండేటప్పుడు యూరియా కూడా స్ఫటికాలు కడుతుంది. మనం చూసిన కణం సీసాలో ఉన్నదా, ఎండుతుంటే పుట్టిందా? చుక్కను క్షణంలో గడ్డకట్టించి చూసే క్రయో పద్ధతి ఈ చిక్కు చాలావరకు తీరుస్తుంది. అది అన్ని ల్యాబుల్లో ఉండదు.

పొలం పరీక్షల మాటకొస్తే, 94 పంటల్లో సగటున 8 శాతం దిగుబడి పెరిగిందని ఇఫ్కో అంటుంది. లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి, గోధుమలపై రెండేళ్లు చూసి తగ్గిందని చెప్పింది. స్ప్రే పద్ధతి సరిగా లేదని కంపెనీ కొట్టిపారేసింది.

ఇది ల్యాబు గొడవ మాత్రమే కాదు. 2025 వానాకాలంలో మన రాష్ట్రంలో యూరియా కోసం రైతులు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డారు. బస్తా మీద ప్రభుత్వం భారీగా సబ్సిడీ మోస్తుంది, సీసా మీద లేదు. సీసా పనిచేస్తే ప్రభుత్వానికి డబ్బు మిగులుతుంది. పనిచేయకపోతే ఆ నష్టం రైతుది.

ఇదంతా ఫోన్‌లో చెప్తే పెద్దబాపు, మడిలో గట్టు పెట్టి ఒక పక్క బస్తా, ఒక పక్క సీసా వేసి తూకం చూస్తానన్నాడు. మూడో పక్క ఏమీ వేయకుండా వదలమన్నాను, కంట్రోల్ కావాలి కదా.

"ఆడ పంట పోతే పైసలు నువ్విస్తవా?" అన్నాడు.